అచ్చమాంబ ఆగలేదు

తెలుగులో మొదటి కథ ఎవరు రాశారని అడిగితే చాలామంది తడుముకోకుండా గురజాడ అప్పారావు గారి దిద్దుబాటు పేరు చెబుతారు. అది 1910లో వచ్చింది. మా తరం వాళ్లం అలాగే చదువుకున్నాం, పరీక్షల్లో అలాగే రాశాం. కానీ అంతకు ఎనిమిదేళ్లు ముందే, 1902లో, హిందూసుందరి అనే స్త్రీల పత్రికలో ఒక ఇల్లాలు రాసిన కథ అచ్చయింది. ఆ కథ పేరు ధనత్రయోదశి. రాసినావిడ పేరు భండారు అచ్చమాంబ.

మొదటి కథ ఎవరిదన్న చర్చ పండితులకు వదిలేద్దాం. నేను ఇంటిపని అయ్యాక నాలుగు కథలు రాసుకునే మనిషిని. నన్ను ఆకట్టుకున్న సంగతి వేరే ఉంది. బడి గడప తొక్కని ఒక ఆడపిల్ల, తెలుగుదేశానికి దూరంగా కాపురం చేస్తూ, కన్నబిడ్డలను పోగొట్టుకుని కూడా, ముప్పై ఏళ్లు నిండీ నిండకముందే ఇంత పని ఎలా చేయగలిగింది? ఆవిడ జీవితం చదివినకొద్దీ నాకు తోచిన జవాబు ఒకటే. అన్నీ సక్రమంగా అమరేదాకా ఆమె ఆగలేదు. చేతిలో ఎంత ఉంటే అంత పూర్తిచేసి, లోకం ముందు పెట్టింది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా ప్రజ్ఞాపూర్‌లో రోజూ నేను చూసేది దీనికి తలకిందులు. హైదరాబాద్ నుంచి సిద్దిపేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద, గజ్వేల్‌ను ఆనుకుని ఉన్న ఊరు మాది. తెలివితేటలకు, పనితనానికి మా ఆడవాళ్లలో ఏ లోటూ లేదు. కుట్టుపని నేర్చుకున్న ఒకావిడ ఉంది. చుట్టాల పిల్లలకు పరికిణీలు, జాకెట్లు అచ్చు షోరూమ్‌లో కొన్నట్టు కుడుతుంది. ఇంటి ముందు బోర్డు పెట్టుకోవే అంటే, మెడ ఇంకా మంచిగ తిరుగుతలేదక్కా, అది కుదిరినంక పెడతా అంటుంది. ఈ మాట అనబట్టి నాలుగు సంక్రాంతులయ్యాయి. ఇంకొకావిడ చేసే సకినాలు నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి. పొదుపు సంఘం వాళ్లు అమ్మకానికి చేసిపెట్టమంటే, చుట్లు సమానంగా రావట్లేదని వెనకాడుతుంది. దూరవిద్యలో డిగ్రీ కట్టాలనుకున్న అమ్మాయి ఇంగ్లీషు బాగా వచ్చాకే కడతానని ఇంకా ఫారమే తేలేదు.

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అని మన పెద్దవాళ్లు ఒక సామెత చెప్పారు. సరిగ్గా అలాంటి చిక్కే ఇది. బాగా వస్తేగానీ మొదలుపెట్టరు, మొదలుపెడితేగానీ బాగా రాదు. అచ్చమాంబ ఈ ముడిని ఎలా విప్పుకుందో చూద్దాం.

తమ్ముడి పుస్తకాల పక్కన

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టింది. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. అచ్చమాంబకు ఆరేళ్లప్పుడే తండ్రి పోయాడు. అప్పటికి తమ్ముడు మరీ పసివాడు. పెద్దయ్యాక కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగా పేరు పొందినది ఈయనే. దిక్కులేని ఆ తల్లీపిల్లలు నల్లగొండ ప్రాంతంలోని దేవరకొండలో సవతి అన్న శంకరరావు నీడన కొంతకాలం గడిపారు. అంటే ఆమె బాల్యంలో కొంత మన తెలంగాణ గడ్డ మీదే గడిచిందన్నమాట.

పదేళ్లకే పెళ్లయింది. భర్త భండారు మాధవరావు మధ్యపరగణాల్లో ఇంజనీరు. ఆ ఉద్యోగం వల్ల కాపురమంతా నాగపూర్ వైపు, తెలుగు మాట వినబడని చోట్ల సాగింది. పెళ్లినాటికి ఆమెకు చదువు లేదు. ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపడమే అరుదు. తమ్ముణ్ని చదివించడానికి తమ దగ్గరే ఉంచుకున్నారు. తమ్ముడు పుస్తకం పట్టుకుని కూర్చుంటే అక్క పక్కన చేరి కూర్చునేది. అతను పలికింది తానూ పలికేది, దిద్దింది తానూ దిద్దేది. అలా తెలుగు, హిందీ పట్టుబడ్డాయి. తర్వాత మరాఠీ వచ్చింది. బెంగాలీ, గుజరాతీ చదివి తెలుసుకునేంతగా నేర్చుకుంది. సంస్కృతంతో, ఇంగ్లీషుతో కూడా కొంత పరిచయం చేసుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. తనకంటే చిన్నవాడైన తమ్ముడి దగ్గర కూర్చుని, పెళ్లయిన ఇల్లాలు ఓనమాలు దిద్దుకోవడం అంత తేలికా? చూసేవాళ్లు ఏమనుకుంటారో, తప్పు పలికితే నవ్వుతారేమో అనుకుంటే ఆ పలక చేతికే రాదు. పైగా ఆ కాలంలో చదువుకునే ఆడదాని తప్పు ఆమె ఒక్కదానితో పోయేది కాదు. చూశారా, ఆడవాళ్లకు చదువు చెబితే ఇంతే అని మొత్తం ఆడజాతికే అంటగట్టేవారు. మనకున్న భయం కంటే ఆమెకుండాల్సిన భయమే పెద్దది.

కడుపుకోత

చదువు ఒక దారిలో పడిందనుకునేలోపు విధి దెబ్బ తీసింది. ఆమెకు పుట్టిన కొడుకు, కూతురు ఇద్దరూ చిన్నతనంలోనే చనిపోయారు. ఆ బాధ ఎలాంటిదో తల్లులకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి ఇంట్లో కలం మూలన పడినా ఎవరూ తప్పుపట్టరు. మనసు కుదుటపడ్డాక, ఇల్లు చక్కబడ్డాక రాస్తానని ఆమె అనుకున్నా అది సహజమే.

కానీ ఆమె అనాథ పిల్లలను ఇంట పెట్టుకుని సాకింది, వాళ్లకు చదువు చెప్పించింది. ఆ ఇంటి పనుల మధ్యే పుస్తకం పని కూడా సాగించింది. మనసు కుదుటపడింది కాబట్టి పని చేసిందో, పని చేసింది కాబట్టి మనసు కుదుటపడిందో మనం తేల్చలేం. ఆమె మాత్రం ఒకటి అయ్యాకే ఇంకొకటి అని వాయిదా వేసుకోలేదు.

మూడు భాగాల పుస్తకం

ఆమె తలపెట్టిన పని చిన్నది కాదు. పేరుకెక్కిన స్త్రీల జీవితాలన్నీ తెలుగులో రాయాలన్నది ఆమె సంకల్పం. దానికి అబలా సచ్చరిత్ర రత్నమాల అని పేరు పెట్టింది. స్త్రీలు బలహీనులు, తెలివి తక్కువవాళ్లు అనే మాట అబద్ధమని చరిత్ర సాక్ష్యంతో చూపించాలి. చదువుకుంటే, స్వాతంత్ర్యం ఇస్తే ఆడవాళ్లు చెడిపోతారన్న వాదం తప్పని తేల్చాలి. చదివే అక్కచెల్లెళ్లకు ఆదర్శంగా నిలిచే జీవితాలు అందించాలి. ఆమె ఉద్దేశాలు ఇవి.

దీనికోసం మూడు భాగాల ప్రణాళిక వేసుకుంది. మొదటి భాగంలో మన దేశ చరిత్రలోని స్త్రీలు, రెండో భాగంలో వేదాల కాలం, పురాణాల కాలం, బౌద్ధుల కాలం నాటి స్త్రీలు, మూడో భాగంలో ఇంగ్లండు మొదలైన విదేశాల స్త్రీలు.

ఆ రోజుల్లో ఇలాంటి పుస్తకం రాయడానికి ఏముంది? మనలాగా ఫోను నొక్కితే సమాచారం వచ్చే కాలం కాదు. రాణుల కథలు ఒక భాషలో, విదుషీమణుల కథలు ఇంకో భాషలో, కొన్ని జనం నోళ్లలో, కొన్ని పాత పత్రికల్లో. ఆమె నేర్చుకున్న మరాఠీ, హిందీ, బెంగాలీ, గుజరాతీ అన్నీ ఇక్కడ అక్కరకొచ్చాయి. దొరికినది చదివి, బేరీజు వేసి, నమ్మదగినది తీసుకుని రాసింది. కాబట్టి అచ్చమాంబ తోచినట్టు గిలికి పారేసిందని ఎవరూ అనుకోకండి. పనిలో శ్రద్ధ అన్నది ఆమె దగ్గర నిండుగా ఉంది.

అయినా 1901లో మొదటి భాగం ముప్పైమందికి పైగా స్త్రీల జీవితాలతో అచ్చయి బయటికొచ్చింది. అప్పటికి ఆమె వయసు 27 దాటలేదు. రెండో భాగం తయారు కాలేదు, మూడో భాగం ఇంకా దూరం. మూడూ పూర్తయ్యాక ఒక్కసారే నిండుగా తెద్దామని ఆగి ఉండవచ్చు. ఏ రాణి గురించో ఇంకో పుస్తకం దొరికేదాకా చూద్దామనుకోవచ్చు. ఆమె అలా చేయలేదు. ఇవి మూడు భాగాలు, ఇది మొదటిది, మిగతావి రావాలి అని దాపరికం లేకుండా చెప్పి, ఉన్నదాన్ని పాఠకుల చేతికిచ్చింది.

నాకు ఆమె జీవితంలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే 1905 జనవరిలో ఆమె కన్నుమూసింది. పుస్తకం వచ్చి అప్పటికి నాలుగేళ్లు. వయసు 30 ఏళ్ల చిల్లర. మిగిలిన రెండు భాగాలు ఆమె చేతిమీదుగా పూర్తికానేలేదు. మూడింటి కోసం ఆగి ఉంటే, ఈ రోజు మనకు ఒక్కటి కూడా ఉండేది కాదు. కొన్ని కాగితాలు ఏ పెట్టెలోనో చెదలు పట్టిపోయేవి. ఒక భారతీయ స్త్రీ స్త్రీల చరిత్రను పుస్తకంగా రాసిన తొలి ప్రయత్నాల్లో ఒకటిగా దాన్ని నేడు చరిత్రకారులు గౌరవిస్తున్నారంటే, ఆ మొదటి భాగాన్ని ఆమె ఆపకపోవడం వల్లే.

ఒకపక్క కథలు, ఇంకోపక్క సమాజాలు

పుస్తకం వచ్చాక ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1901, 1902 సంవత్సరాల్లో తెలుగు జనానా, హిందూసుందరి వంటి పత్రికల్లో కథలు రాసింది. హిందూసుందరి అప్పుడే, 1902లో, ఏలూరు నుంచి మొదలైన పత్రిక. తెలుగులో చిన్నకథ అంటే ఇలా ఉండాలని చూపించడానికి ఆమె ముందు నమూనా అంటూ పెద్దగా లేదు. ధనత్రయోదశిలో ఒక పేద కుటుంబం, పండగ పూట చేతిలో డబ్బులేని ఇబ్బంది, దారి తప్పబోయిన భర్తను నిజాయితీ వైపు నిలబెట్టిన భార్య కనిపిస్తారు. స్త్రీవిద్య అనే కథ అయితే మొత్తం భార్యాభర్తల మాటలతోనే నడుస్తుంది. ఆడదానికి చదువెందుకన్న అభ్యంతరాలన్నీ భార్య చేతే చెప్పించి, ఒక్కొక్కటిగా విప్పుతుంది రచయిత్రి. నేటి కథల కొలతతో చూస్తే వాటిలో నీతి చెప్పే ధోరణి కనిపిస్తుంది, భాష పాతగా ఉంటుంది. కానీ వాటిలో మాట్లాడే ఆడవాళ్లు బతికున్నవాళ్లు. కథ రాసే మనిషిగా నాకు ఆ సంగతి తెలుస్తుంది.

1902లోనే ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం నెలకొల్పింది. ఊళ్లు తిరిగి, ఆడవాళ్లు నలుగురూ కూడి చదువుకోవాలని, మాట్లాడుకోవాలని ఉపన్యాసాలిచ్చింది. ఎక్కడో మధ్యపరగణాల్లో కాపురముండే ఇల్లాలు, సభలో నిలబడి మాట్లాడటం ఎవరి దగ్గరా నేర్చుకోని ఇల్లాలు, ఆనాడు వేదికలెక్కింది.

ఆ తర్వాత చాలాకాలం ఆమె కథలను అందరూ మరచిపోయారు. ఈ మధ్యకాలంలో పరిశోధకులు పాత పత్రికలు వెతికి, పది వరకు కథలు పోగుచేసి పుస్తకంగా తెచ్చారు. వందేళ్లు దాటాక వాటికి మళ్లీ పాఠకులు దొరికారు. అచ్చయింది కాబట్టే వెతికితే దొరికాయి.

తమ్ముడు, గురజాడ

అక్క పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పిన తమ్ముడి కథ కూడా ఇలాంటిదే. లక్ష్మణరావు గారు ఎం.ఏ. చదివి మునగాల సంస్థానంలో దివాను అయ్యారు. 1901లో హైదరాబాద్‌లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెనుక, 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి వెనుక ఆయన కృషి ఉంది. ఆ తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం, అంటే లోకంలోని విషయాలన్నీ అక్షరక్రమంలో చెప్పే పెద్ద గ్రంథం తలపెట్టారు. మూడు సంపుటాలు వచ్చినా అవి అ అక్షరంతో మొదలయ్యే మాటలను దాటలేదు. 1923లో ఆయన పోయారు. అన్ని అక్షరాలూ పూర్తయ్యేదాకా ఆపుకోకుండా ఆయన కూడా సంపుటం వెంట సంపుటం బయటికి తెచ్చారు. అందుకే తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పని అందుకోవడానికి ఒక దారి మిగిలింది.

మొదట చెప్పుకున్న గురజాడ వారినే చూడండి. కన్యాశుల్కం 1892లో నాటకంగా ఆడారు, 1897లో పుస్తకంగా అచ్చు వేశారు. ఈనాడు మనం చదివి నవ్వుకునే కన్యాశుల్కం మాత్రం ఆ పుస్తకం కాదు. దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో తెచ్చిన రెండో కూర్పు. మొదటిది జనంలోకి వెళ్లింది, రెండోది దానికంటే గొప్పగా వచ్చింది. అంత పెద్ద రచయిత కూడా ముందు అచ్చు వేసి, తర్వాత దిద్దుకున్నాడు.

మనకు ఎక్కడ పట్టుకుంటుంది?

అచ్చమాంబ జీవితం చదివాక మా వీధి ఆడవాళ్ల భయం గురించి నేను ఆలోచించాను. ఈ జబ్బు మనకు ఎక్కువగా ఎందుకుంటుంది? మన పని లెక్కలోకి వచ్చేది తప్పు జరిగినప్పుడే. ఏడాదంతా కూర కుదిరితే ఎవరూ మాట్లాడరు, ఒక్కపూట ఉప్పెక్కువైతే ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. గుమ్మంలో ముగ్గు ఒక చుక్క తప్పితే దారిన పోయేవాళ్లు కూడా చెబుతారు. చిన్నప్పటి నుంచీ ఇలా పెరిగిన మనసు, ఏ పని చేసినా ముందు తప్పునే ఊహించుకుంటుంది. తప్పు రాకుండా ఉండే సులువైన మార్గం అసలు పని చేయకపోవడమే అని తెలియకుండానే నేర్చుకుంటుంది. పైకి దానికి ఇంకా బాగా రావాలి అని గౌరవంగా పేరు పెట్టుకుంటాం.

అలాగని ఎలా పడితే అలా చేసి పారేయమని నేననను. డబ్బు తీసుకుని కుట్టిన జాకెట్టు చంక దగ్గర పిగిలితే ఎవరు ఊరుకుంటారు? శ్రద్ధ వేరు, జంకు వేరు. రెండూ ఒకే మాట మాట్లాడతాయి గనక పోల్చుకోవడం కష్టం. నేను పెట్టుకున్న గుర్తు ఇది. శ్రద్ధ ఉన్నప్పుడు పని ముందుకు నడుస్తుంది. నిన్న చేయి కుదరలేదు, ఇవాళ కుదిరింది, మెడ సంగతి రేపు చూస్తాను అంటుంది. జంకు ఉన్నప్పుడు పని ఉన్నచోటే తిరుగుతుంది. విప్పిన కుట్టే మళ్లీ విప్పుతాం, రాసిన మొదటి పేజీనే మళ్లీ రాస్తాం. అచ్చమాంబ ఏళ్ల తరబడి భాషలు నేర్చుకున్నది శ్రద్ధ. మూడు భాగాల కోసం ఆగి ఉంటే అది జంకు అయ్యేది.

ఆమె దగ్గర నేర్చుకోదగ్గ ఉపాయం చాలా చిన్నది. పెద్ద పనిని భాగాలు చేసుకుంది. మొదటి భాగానికి హద్దు గీసుకుంది. ఆ హద్దు లోపలిది శ్రద్ధగా చేసింది. మిగిలింది మిగిలిందని చెప్పింది. ఇది ఎవరైనా చేయగలరు. అన్ని రకాల మెడలూ వచ్చేదాకా ఆగే బదులు, ప్రస్తుతానికి పిల్లల బట్టలు కుడతాను అని బోర్డు రాయించుకోవచ్చు. సకినాలు ఊరంతటికీ చేయకపోయినా, ఈ పండక్కి రెండు కిలోలు చేసి పది ఇళ్లకు ఇచ్చి, ఏం బాగుందో ఏం బాగాలేదో అడగవచ్చు. చుట్టు కాస్త వంకర పోయినా నువ్వులు, వాము రుచి ఎక్కడికీ పోదు. డిగ్రీ కట్టాలనుకునే అమ్మాయి ముందు ఫీజు కట్టి, పుస్తకాలు తెచ్చుకుని, ఇంగ్లీషు ఆ పుస్తకాలతోనే నేర్చుకోవచ్చు. కథలు రాసే చెల్లెళ్లు నెలకో తేదీ పెట్టుకుని, ఆ తేదీకి ఎలా ఉంటే అలా పోస్టులో వేయండి. తిరిగొస్తే ఇంకోసారి దిద్దుకుందురు గాని.

ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఒక మాట. మీ కోడలో కూతురో ఏదైనా మొదటిసారి చేసి చూపించినప్పుడు, అందులో తప్పు కనబడినా ఆ పూటకు నోరు కట్టుకోండి. రెండోసారికి ఆ తప్పు ఆమెకే కనబడుతుంది. మొదటిసారే ఎత్తిచూపితే రెండోసారి ఉండదు.

అచ్చమాంబకు దొరికిన ఆయుష్షు తక్కువ. అందులోనూ తీరిక ఇంకా తక్కువ, దుఃఖం ఎక్కువ. అంతా కలిపి ఒక పుస్తకం మొదటి భాగం, పది వరకు కథలు, ఒక స్త్రీ సమాజం మిగిల్చి వెళ్లింది. ఆమె అనుకున్నదాంట్లో అది కొంతే. కానీ ఆ కొంత మన చేతిలో ఉంది. మీ బీరువాలో, మీ పెట్టెలో, మీ మనసులో సగంలో ఆగిన పని ఏదుందో ఈ వారం ఒకసారి తీసి చూడండి. దాని మొదటి భాగం ఎక్కడిదాకానో ఒక కాగితం మీద రాసుకోండి. అంతవరకు చేసి, ఎవరో ఒకరి చేతిలో పెట్టండి.